కళాశాల మారు విద్యార్థికి పరీక్షా మార్కుల విలువ: రాష్ట్రేతరాంధ్రుల దృష్టితో ఒక పరిశీలన

1. ప్రస్తావన

విద్యార్థి యొక విద్యాలయమును విడిచి మరియొక విద్యాలయమున చేరునపుడు అతని యోగ్యతను నిరూపించునవి రెండు పత్రములని లోకమున ప్రసిద్ధి. అంతవరకు చదివిన చదువునకు సాక్ష్యమైన మార్కుల పట్టిక మొదటిది. ప్రవేశపరీక్షయందు లభించిన ర్యాంకును తెలుపు పత్రము రెండవది. ఈ రెంటిలో దేనికెంత విలువయో నిర్ణయించుట విద్యాశాఖల పని. కాని రాష్ట్రేతరాంధ్రులకు మూడవ పత్రమొకటి కలదు. అది నివాసమును గూర్చియు, చదివిన ప్రదేశమును గూర్చియు ధ్రువపరచు పత్రము. మొదటి రెండు పత్రములు ఎంత ప్రశస్తములైనను, ఈ మూడవది లేనిచో అవి పరిశీలనకే రావు. ఈ సంగతి పెక్కు కుటుంబములకు ప్రవేశసమయమున గాని తెలియుటలేదు. మార్కులు ఎచ్చట ఎట్లు లెక్కింపబడునో, ఆ లెక్కకు ముందే యే అర్హతలు అడుగబడునో వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

రాష్ట్రపు సరిహద్దులు మారిన కాలమున ప్రజలు తమ యిండ్లు మార్చుకొనలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారు ఆ రాష్ట్ర ప్రజలైరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించిన దినముననే బళ్లారి మైసూరులో కలిసెను. 1956 నాటి పునర్వ్యవస్థీకరణమున రాయచూరు హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరునకు చేరెను. హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. షోలాపురమునందు తెలుగు చేనేత కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. యానాము 1954లో ఫ్రెంచి పాలననుండి విడివడి, 1962 ఆగస్టు 16వ తేదీన న్యాయతః భారతదేశమున విలీనమై, పుదుచ్చేరి ప్రాంతములో భాగమైనది. వీరందరి మాతృభాష యొకటే. విద్యాప్రవేశ నియమములు మాత్రము ఆరేడు విధములు.

2. రెండు సాక్ష్యములు, రెండు స్వభావములు

మార్కుల పట్టిక దీర్ఘకాల సాక్ష్యము. విద్యార్థి రెండు మూడు సంవత్సరములు తరగతిగదిలో, ప్రయోగశాలలో చేసిన కృషి యందు ప్రతిఫలించును. ఒకనాటి జ్వరముచేత గాని, కలతచేత గాని అది పూర్తిగా తారుమారు కాదు. దాని లోపమేమనగా, ఒక బోర్డు ఇచ్చిన 80 మార్కులును మరియొక బోర్డు ఇచ్చిన 80 మార్కులును ఒకే యోగ్యతను తెలుపునని చెప్పుటకు వీలులేదు. పాఠ్యప్రణాళికలు వేరు, ప్రశ్నల కాఠిన్యము వేరు, దిద్దువారి ఔదార్యము వేరు.

ప్రవేశపరీక్ష ఈ లోపమును సవరించుటకై పుట్టినది. అందరికి ఒకే విధమైన ప్రశ్నలు, ఒకే కాలపరిమితి, ఒకే కొలబద్ద. కాని ఇది మూడు గంటల సాక్ష్యము. శిక్షణ పొందుటకు ధనము, సమయము, సమీపమున శిక్షణాలయము కలవారికి ఇందు అనుకూలత హెచ్చు.

ఈ రెండు సాక్ష్యముల తారతమ్యము విస్తారముగా చర్చింపబడిన దేశము అమెరికా. అచ్చట సాట్ అను సామాన్యపరీక్ష 1926లోను, ఏ.సి.టి. 1959లోను ప్రారంభమైనవి. కాలిఫోర్నియా రాష్ట్రము 1960లో రూపొందించిన ఉన్నతవిద్యా ప్రణాళిక ప్రకారము విద్యార్థి రెండు సంవత్సరములు స్థానిక కళాశాలలో చదివి, పిదప విశ్వవిద్యాలయమున మూడవ సంవత్సరమునకు మారవచ్చును. అట్లు మారువారి విషయమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము కళాశాలలో చదివిన పాఠ్యాంశములకును, వాటి సగటు మార్కులకును ప్రాధాన్యమిచ్చుచున్నది. 2020 మే నెలలో ఆ విశ్వవిద్యాలయ పాలకవర్గము నూతన విద్యార్థుల విషయమునను సాట్ మార్కులను క్రమముగా విడిచిపెట్ట తీర్మానించెను. దీనికి భిన్నముగా మసాచుసెట్స్ సాంకేతికవిద్యాసంస్థ, మధ్యలో ఐచ్ఛికము చేసిన పరీక్షను 2022లో తిరిగి నిర్బంధము చేసెను. మరికొన్ని విశ్వవిద్యాలయములు నడిమిమార్గము నవలంబించి, కళాశాలలో కొలదికాలమే చదివినవారినుండి సాట్ మార్కులు కోరి, ఎక్కువకాలము చదివినవారికి మినహాయింపు నిచ్చుచున్నవి.

దీనినుండి గ్రహింపదగిన సూత్రమొకటి కలదు. విద్యార్థి చదివిన చదువు చేరబోవు చదువునకు ఎంత సమీపమున నున్నదో, అతని మార్కుల పట్టికకు అంత విలువ. ఆ చదువు దూరమైనకొలదియు, లేక దానిని పోల్చుట దుష్కరమైనకొలదియు, పరీక్షకు బలము హెచ్చును. భారతదేశమునందలి పద్ధతులను గూడ ఈ సూత్రముతో పరిశీలింపవచ్చును.

3. భిన్న బోర్డుల మార్కులను సమానపరచు విధానములు

ప్రవేశపరీక్ష లేకయే మార్కులను ఒకే కొలబద్దకు తెచ్చు ప్రయత్నమునకు తమిళనాడు ఉదాహరణము. ఆ రాష్ట్రమున వృత్తివిద్యా కళాశాలలకు 1984నుండి జరుగుచుండిన ప్రవేశపరీక్షను 2006 నాటి శాసనము తొలగించెను. పండ్రెండవ తరగతి మార్కులే ఆధారమయ్యెను. వివిధ బోర్డుల మార్కులను సమానపరచు విధానమునకు ఆ శాసనమే ఒక ఉదాహరణము నిచ్చినది. భౌతికశాస్త్రమున రాష్ట్రబోర్డు విద్యార్థికి వచ్చిన అత్యధికము 100, వేరొక బోర్డులో వచ్చిన అత్యధికము 90 అయినచో, రెండును 100గానే భావింపబడును. ఆ వేరొక బోర్డులో 60 మార్కులు పొందిన విద్యార్థికి 66.66 మార్కులు లెక్కించబడును. వైద్యవిద్యకు మాత్రము 2017నుండి నీట్ పరీక్షయే అచ్చటను ఆధారమైనది.

అఖిలభారత స్థాయిలో జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షకు సంబంధించి ఇట్టి ప్రయత్నమే జరిగినది. 2013నుండి 2016 వరకు ర్యాంకు నిర్ణయములో ప్రవేశపరీక్షకు 60 పాళ్లు, బోర్డు మార్కులకు 40 పాళ్లు చొప్పున విలువ నిచ్చిరి. 2017నుండి బోర్డు మార్కుల పాలు తొలగింపబడినది.

కర్ణాటకము ఇంజనీరింగు మొదటి సంవత్సర ప్రవేశములకు సగపాలు పద్ధతిని పాటించినది. పి.యు.సి. భౌతిక, రసాయన, గణితశాస్త్ర మార్కులకు సగము, ప్రవేశపరీక్షకు సగము. పి.యు.సి.లో 96 శాతమును పరీక్షలో 60 శాతమును పొందిన విద్యార్థికిని, పి.యు.సి.లో 80 శాతమును పరీక్షలో 76 శాతమును పొందిన విద్యార్థికిని కలిపి చూడగా వచ్చునది 78 శాతమే. ఒకని బలము దీర్ఘకాల కృషి, మరియొకని బలము పరీక్షానైపుణ్యము. పద్ధతి ఇరువురను సమానులుగా నెంచినది.

ఈ పద్ధతికి 2022లో గొప్ప చిక్కు వచ్చినది. మహమ్మారి కారణమున 2021లో పి.యు.సి. పరీక్షలు జరుగక, పూర్వపు మార్కుల ఆధారముగా ఫలితములు ప్రకటింపబడెను. ఆ సంవత్సరము ఉత్తీర్ణులై 2022లో మరల ప్రవేశపరీక్ష వ్రాసినవారి పి.యు.సి. మార్కులను అధికారులు లెక్కలోనికి తీసికొనలేదు. వేలాది విద్యార్థుల ర్యాంకులు ఒక్కసారిగా పడిపోయెను. రాష్ట్ర ఉన్నతన్యాయస్థానము 2022 సెప్టెంబరులో ఆ నిర్ణయమును కొట్టివేసెను. పిదప ఉభయులకును సమ్మతమగు సర్దుబాటు సూత్రముతో ర్యాంకులు తిరిగి నిర్ణయింపబడెను. మార్కుల పట్టిక విలువ దాని వెనుకనున్న పరీక్షపై ఆధారపడి యుండునని ఈ వివాదము తేటపరచినది.

4. డిప్లొమానుండి ఇంజనీరింగు పట్టవిద్యకు

భారతదేశమున చదువు నడుమ విద్యాలయము మారుటకు అత్యంత వ్యవస్థితమైన మార్గము, పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తిచేసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరుట. చేనేత, చిల్లరవర్తకము, కర్మాగారపు కూలి జీవనాధారముగా గల కుటుంబములకు ఇది మిక్కిలి ఉపయోగకరము. పదవ తరగతి పిమ్మట మూడు సంవత్సరములలో చేతికి పని వచ్చును. పై చదువునకు ద్వారము మూయబడదు. ఈ ద్వారముకడ అడుగు సాక్ష్యము రాష్ట్రమునుబట్టి మారును.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఈసెట్ అను పరీక్ష కలదు. 2014 విభజనానంతరము రెండు రాష్ట్రములును దీనిని వేరువేరుగా నిర్వహించుచున్నవి. డిప్లొమావారికి 3 గంటలలో 200 ప్రశ్నలు. గణితమునకు 50, భౌతికశాస్త్రమునకు 25, రసాయనశాస్త్రమునకు 25, చదివిన ఇంజనీరింగు శాఖకు 100. డిప్లొమాలో సామాన్యముగా 45 శాతము, రిజర్వేషను గలవారు 40 శాతము పొందియుండవలెను. ఆ మెట్టు దాటిన పిదప డిప్లొమాలో 50 శాతము వచ్చినవాడును 95 శాతము వచ్చినవాడును పరీక్షాభవనమున సమానులే. ర్యాంకును నిర్ణయించునది ఈసెట్ మార్కులు. గణితశాస్త్రముతో బి.యస్సీ. పూర్తిచేసినవారును వేరు ప్రశ్నపత్రముతో ఈ పరీక్ష వ్రాయవచ్చును.

కర్ణాటకములో డిప్లొమావారికై డిసెట్ అను ప్రవేశపరీక్షను రాష్ట్ర పరీక్షాప్రాధికారసంస్థ నిర్వహించుచున్నది. ఒడిశాలో మొదటి సంవత్సరపు ఇంజనీరింగు ప్రవేశములు జె.ఇ.ఇ. మెయిన్ ఆధారముగా జరిగినను, రెండవ సంవత్సరమున చేరు డిప్లొమావారికి ఓ.జె.ఇ.ఇ. అను రాష్ట్రపరీక్ష కలదు.

తమిళనాడు, మహారాష్ట్ర, పుదుచ్చేరిలలో ఈ ప్రవేశమునకు ప్రత్యేకపరీక్ష లేదు. డిప్లొమా మార్కులే వరుసను నిర్ణయించును. తమిళనాట సాంకేతికవిద్యాశాఖ, మహారాష్ట్రమున రాష్ట్ర ప్రవేశపరీక్షా విభాగము, పుదుచ్చేరిలో సెంటాక్ అను కేంద్రీకృత ప్రవేశసమితి ఈ కార్యమును నడుపుచున్నవి.

ఈ భేదమువలన కలుగు ఫలితము స్పష్టము. షోలాపురమున పాలిటెక్నిక్ చదువు బాలికకు డిప్లొమా మార్కులే విలువైనవి. ఆమెకు ప్రత్యేక శిక్షణాలయముతో పనిలేదు. బరంపురమున చదువు బాలునకు డిప్లొమా మార్కులు చక్కగా వచ్చినను చాలదు. పాలిటెక్నిక్‌లో మొదటి సంవత్సరమున విడిచిన గణితమును మూడవ సంవత్సరమున మరల చేతబట్టవలెను. ఒకే పద్ధతి అంతటను కలదని భ్రమించి, పరీక్ష గల రాష్ట్రమున డిప్లొమా మార్కులనే నమ్మియుండుటయు, పరీక్ష లేని రాష్ట్రమున శిక్షణకై డిప్లొమా చదువును అశ్రద్ధ చేయుటయు సమానముగా నష్టదాయకములు.

ఒక కళాశాలనుండి అదే తరగతికి మరియొక కళాశాలకు మారువారి సంగతి వేరు. అట్టి మార్పునకు సాధారణముగా ప్రవేశపరీక్షలేదు. ఖాళీ స్థానము, ఉభయ కళాశాలల సమ్మతి, విశ్వవిద్యాలయముల అనుమతి, పాఠ్యాంశముల సమానత ముఖ్యములు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో విద్యాప్రమాణముల నిధిని స్థాపించు నిబంధనలను వెలువరించినది. ఒకచోట ఆర్జించిన క్రెడిట్లు నిలువయుండి, మరియొకచోట చెల్లునట్లు చేయుట దీని యుద్దేశము. అయినను క్రెడిట్లను అంగీకరించుటవేరు, చేరుటకు స్థానము లభించుటవేరు.

5. మార్కులకు ముందే అడుగబడు అర్హత

ఏ పద్ధతియందైనను మార్కులు చేయు పని వరుసను ఏర్పరచుట. వరుసలో నిలుచుటకు ఎవరర్హులను ప్రశ్నకు మార్కులు సమాధానము చెప్పవు.

ఆంధ్రప్రదేశ్‌లో 371-డి అధికరణము ననుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు స్థానములలో 85 శాతమును స్థానికులకు కేటాయించినది. అర్హతాపరీక్షతో ముగియు నాలుగు సంవత్సరములు వరుసగా ఆ స్థానికప్రాంతమున చదివినవారు ముఖ్యముగా స్థానికులు. తక్కిన 15 శాతమునకు సంబంధించి 1979లో వెలువడిన ఉత్తర్వు ప్రకారము, రాష్ట్రము వెలుపల చదివిన కాలమును మినహాయించి, తాము గాని, తలిదండ్రులలో ఒకరు గాని 10 సంవత్సరములు రాష్ట్రమున నివసించియుండుట అర్హతలలో నొకటి. తెలుగు మాతృభాషయగుట అర్హతగా ఇందు పేర్కొనబడలేదు. 2014 విభజన చట్టము ప్రకారము ఉభయరాష్ట్రములకు 10 సంవత్సరములు కొనసాగిన ఉమ్మడి ప్రవేశవ్యవస్థ 2024 జూన్‌లో ముగిసినది. పిమ్మట నియమములు ఉభయరాష్ట్రములకును వేరైనందున ఏయేటి ప్రకటన నాయేటనే చదువుకొనుట అవసరము.

కర్ణాటకమున వృత్తివిద్యా ప్రవేశములకు ముఖ్యమైన నియమము, ఒకటవ తరగతినుండి కనీసము 7 విద్యాసంవత్సరములు ఆ రాష్ట్రమున చదివియుండుట. బళ్లారి, కోలారు, రాయచూరులలో స్థిరపడి అచ్చటనే చదివిన తెలుగు విద్యార్థికి ఇందువలన హక్కు పూర్తిగా కలదు. భాష అడ్డుకాదు. ఉన్నతపాఠశాల చదువునకై ఆంధ్రప్రాంతమున బంధువుల యింటికి పంపబడిన బాలునకే చిక్కు. రెండుచోట్ల చదివి, యే చోటను కావలసిన సంవత్సరములు నిండక, ఉభయత్ర అనర్హుడగు ప్రమాదము కలదు.

హోసూరు విద్యార్థిని ఉదాహరణముగా గైకొనవచ్చును. అతడు తమిళనాట డిప్లొమాలో ఉత్తమశ్రేణి పొందెననుకొనుడు. స్వరాష్ట్రమున ఆ మార్కులే అతనికి స్థానమును తెచ్చిపెట్టును. సమీపముననే యున్న బెంగుళూరు వేరు రాష్ట్రము. అచ్చట పరీక్షయు కావలెను, ఏడేండ్ల చదువును కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో ఈసెట్ ర్యాంకును, నివాసార్హతయు కావలెను. ఒకే మార్కుల పట్టిక ఒకచోట సర్వస్వము, రెండుచోట్ల కేవలము ప్రవేశరుసుము చెల్లించుటకు పనికివచ్చు కాగితము.

యానాము పరిస్థితి యింకను విచిత్రము. చుట్టును ఆంధ్రప్రదేశ్. కాకినాడ కళాశాలలు సుమారు 30 కిలోమీటర్ల దూరము. పరిపాలనాకేంద్రమైన పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైబడిన దూరము. యానాముననే చదివిన విద్యార్థి పక్కనున్న కాకినాడలో 1974 ఉత్తర్వు భావించిన స్థానికుడు కాడు. పుదుచ్చేరిలో మాత్రము సెంటాక్ ద్వారా అతనికి హక్కు కలదు. దగ్గరిది పరాయిదై, దూరమైనది స్వంతమైనది.

రిజర్వేషను విషయమునను సరిహద్దు ప్రధానమే. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపుపొందిన కుటుంబమునకు చెంది, తండ్రి యుద్యోగరీత్యా బొంబాయి చేరి, అచ్చటనే చదివిన ఒక విద్యార్థి మహారాష్ట్రమున వైద్యకళాశాల ప్రవేశమునకు ఆ గుర్తింపును కోరెను. సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము 1990లో దానిని నిరాకరించెను. ఒక రాష్ట్రమునకు సంబంధించి ప్రకటింపబడిన కులము లేక తెగ ఆ రాష్ట్రమునకే పరిమితమనియు, వలసతో వెంటరాదనియు తీర్పు సారము. కావున కుటుంబము తాను స్థిరపడిన రాష్ట్రపు పట్టికలో తన స్థానమేదో ముందుగా తెలిసికొనవలెను.

6. భాష, అల్పసంఖ్యాకహక్కు

జాతీయపరీక్షలైన నీట్, జె.ఇ.ఇ. మెయిన్‌లకు ప్రశ్నపత్రములు తెలుగునందును లభించుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. అయితే జాతీయపరీక్షాసంస్థ ప్రకటనల ప్రకారము తెలుగు ప్రశ్నపత్రము కోరువారికి పరీక్షాకేంద్రములు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనివే. హోసూరున గాని, బరంపురమున గాని తెలుగు మాధ్యమమున చదివినవాడు స్వగ్రామ సమీపమున వ్రాయదలచిన ఇంగ్లీషునో తదితర భాషనో ఎన్నుకొనవలెను. తెలుగున వ్రాయదలచిన ప్రయాణము చేయవలెను. పరీక్ష అందరికి సమానమను మాట ఇచ్చట కొంత సడలుచున్నది. దరఖాస్తులో భాషను ఎన్నుకొను గడి చిన్నదైనను, దానిని నింపుటకు ముందు కేంద్రముల పట్టిక చూచుట మంచిది.

ప్రతికూలతలతోపాటు ఒక అనుకూలతయు కలదు. రాజ్యాంగము 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. 2002లో టి.ఎం.ఏ. పై ఫౌండేషను వ్యాజ్యమున సుప్రీంకోర్టుకు చెందిన 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనము, అల్పసంఖ్యాకులెవరను విషయమును రాష్ట్రమును ప్రమాణముగా గొని నిర్ణయింపవలెనని చెప్పినది. దేశమున కోట్లకొలది జనసంఖ్య గల తెలుగువారు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలో ఈ దృష్టిచే అల్పసంఖ్యాకులు. అట్టి సంస్థలందు స్వభాషీయులకు కొన్ని స్థానములుండవచ్చును. కాని అచ్చటను యోగ్యతాక్రమము, పారదర్శకత తప్పవు. మాతృభాషను నిరూపించు పత్రమును ముందుగా సిద్ధపరచుకొనని విద్యార్థికి ఈ హక్కు కాగితముపైననే నిలుచును.

7. ముగింపు

పైన పరిశీలించిన విషయములను బట్టి పరీక్షా మార్కులు స్వతస్సిద్ధమైన విలువ గలవి కావని తేలుచున్నది. వాటి విలువ ఏ ద్వారముకడ, ఏ నియమము క్రింద చూపబడినవో దానిని బట్టి యుండును. ప్రవేశపరీక్ష గల రాష్ట్రమున డిప్లొమా మార్కులు గడపవరకే తెచ్చును. పరీక్ష లేని రాష్ట్రమున అవియే లోనికి గొనిపోవును. అర్హతాపత్రము లేనిచో రెండును వీధిలోనే నిలుచును.

కావున పదవ తరగతి ముగిసిన వేసవియందే కుటుంబము మూడు నిర్ణయములు చేయుట శ్రేయస్కరము. పై చదువు ఏ రాష్ట్రమున చదువవలెనో మొదట తేల్చుకొనవలెను. ఆ రాష్ట్రము మార్కులు చూచునో, పరీక్ష చూచునో, రెండును చూచునో తెలిసికొని తదనుగుణముగా చదువు సాగింపవలెను. ఒకటవ తరగతినుండి చదివిన ప్రతి పాఠశాలయొక్క అధ్యయన ధ్రువపత్రమును, నివాస, మాతృభాషా, కులపత్రములను సేకరించి భద్రపరచుకొనవలెను. పాఠశాలలు మూతపడిన పిమ్మట ఆ పత్రములు దొరకుట కష్టము.

ఈ విషయమున తెలుగు సంఘములు చేయదగిన సేవయు కలదు. ఉగాది సభలు, నాటకప్రదర్శనములు భాషను నిలుపును. ప్రతి సంవత్సరము ప్రవేశప్రకటనలు వెలువడు మాసములలో ఒక అనుభవజ్ఞుడు సంఘభవనమున కూర్చుండి, పత్రములు పరిశీలించి, ఏ ద్వారము ఎవరికి తెరచియున్నదో చెప్పినచో, అది భాష మాటలాడు బిడ్డలను నిలుపును. మార్కులు సంపాదించుట విద్యార్థి పని. ఆ మార్కులు వ్యర్థము కాకుండ చూచుట పెద్దల పని.